ఏ చిట్టెలుకను ఎంచుకోవాలి? కొలెస్ట్రాల్, ధమనుల జబ్బు పరిశోధనకు నాలుగు రకాల పోలిక

1970ల మొదట్లో జపాన్‌లో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త రెండేళ్లపాటు ఆరు వేలకు పైగా బూజులను, సూక్ష్మజీవులను వడపోశారు. శరీరం కొలెస్ట్రాల్ తయారుచేసుకునే దారికి అడ్డుపడే పదార్థం ఒకటి కావాలి. 1973లో దొరికింది. దాని పేరు కాంపాక్టిన్. ఎలుకలకు పెట్టి చూశారు. వారాల తరబడి పెట్టినా కొలెస్ట్రాల్ దిగలేదు. కంపెనీలో ఆశ సన్నగిల్లింది. ఆ తర్వాత 1976లో గుడ్లు పెట్టే కోళ్లకు పెడితే కొలెస్ట్రాల్ బాగా పడిపోయింది. అదే కుటుంబానికి చెందిన లోవాస్టాటిన్ 1987లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. మన ఇళ్లలో పెద్దవాళ్ల మందుల డబ్బాల్లో కనిపించే అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ ఆ వంశానివే. వీటన్నిటినీ కలిపి స్టాటిన్లు అంటారు.

మందులో లోపం లేదు. దాన్ని పరీక్షించిన జంతువే ఆ ప్రశ్నకు సరిపోయేది కాదు.

ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, పీహెచ్‌డీలో చేరిన మొదటి ఏడాది పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "సర్, గైడ్ అపో-ఈ మైస్ తెప్పించమన్నారు, అవే బెస్టా?" బెస్ట్ అంటూ ఏదీ లేదు. ఏ ప్రశ్నకు బెస్ట్ అన్నదే అసలు సంగతి. జంతుప్రయోగాల ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు రాసే ముందు, డబ్బు కట్టే ముందు చదువుకోవడానికి ఇది పనికొస్తుందని రాస్తున్నాను.

## ముందు మామూలు చిట్టెలుక సంగతి

కొలెస్ట్రాల్ రక్తంలో ఒంటరిగా తిరగదు, ప్రోటీన్ బండ్లెక్కి తిరుగుతుంది. మనుషుల్లో ఎక్కువ సరుకు ఎల్‌డీఎల్ బండ్లలో ఉంటుంది, ధమని గోడలో దిగబడేవి అవే. చిట్టెలుకలో తీరు తలకిందులు. సరుకులో ఎక్కువ భాగం హెచ్‌డీఎల్‌లోనే. ల్యాబుల్లో ఎక్కువగా వాడే సీ57 బ్లాక్ 6 జాతి చిట్టెలుకకు మామూలు మేత మీద మొత్తం కొలెస్ట్రాల్ డెసీలీటరుకు 80 నుంచి 100 మిల్లీగ్రాములు. ఆ లెక్కన దానికి ధమనుల్లో పూడిక రాదు. ముసలిదైనా రాదు.

దీనికి ఇంకో రెండు కారణాలు గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ మళ్లీ అవసరపడతాయి.

ఒకటి, సీఈటీపీ అనే ప్రోటీన్ చిట్టెలుకకు లేదు. మనలో అది హెచ్‌డీఎల్ బండిలోని కొలెస్ట్రాల్‌ను దింపి ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్ బండ్లకు ఎక్కిస్తుంది.

రెండోది కాలేయం గేటు సంగతి. ఆ గేటు పేరు ఎల్‌డీఎల్ రిసెప్టర్. బండి లోపలికి పోవాలంటే గుర్తింపు కార్డు చూపాలి. కార్డుగా పనిచేసేవి రెండు ప్రోటీన్లు: అపో-బీ100, అపో-ఈ. అపో-బీకి పొట్టి రూపం ఒకటుంది, అపో-బీ48. అది సగం చించిన కార్డు లాంటిది, గేటు దగ్గర చూపాల్సిన భాగమే అందులో ఉండదు. మనుషుల్లో బీ48 పేగుల్లోనే తయారవుతుంది. చిట్టెలుకలో కాలేయం కూడా దాన్ని చేస్తుంది. అంటే చిట్టెలుక రక్తంలో చాలా బండ్లు అపో-ఈ కార్డు మీదే ఆధారపడి బతుకుతాయి.

జన్యుమార్పిడి చిట్టెలుకలన్నీ ఈ గేటుతోనో కార్డుతోనో ఆడిన ఆటలే. మేతలో కోలిక్ యాసిడ్ (పైత్య రసంలో ఉండే ఆమ్లం) కలిపి, బోలెడు కొలెస్ట్రాల్ పెట్టి మామూలు చిట్టెలుకకే జబ్బు తెప్పించే పాత పద్ధతి ఒకటుంది. అందులో కాలేయం వాచిపోతుంది, ధమనుల్లో కొవ్వు మచ్చలు చూస్తే చిన్నవి. ఈ రోజుల్లో దాని జోలికి పోనక్కర్లేదు.

## ఎంచుకునే ముందు అడగాల్సినవి

మొదటి ప్రశ్న, మీ మందు లేదా మీ జన్యువు ఎక్కడ పనిచేస్తుంది? కాలేయం గేటు ద్వారానా, రక్తంలోని బండ్ల మీదా, ధమని గోడలోని కణాల మీదా? దీనికి జవాబు రాయకుండా చిట్టెలుకను ఎంచుకోవద్దు. మిగతా ప్రశ్నలన్నీ దీని తర్వాతే.

రెండోది, ఎముక మజ్జ మార్పిడి చేస్తారా? మూడోది, చేతిలో ఇప్పటికే మరో నాకౌట్ (ఒక జన్యువును తీసేసిన చిట్టెలుక) ఉందా, దాన్ని దీనితో కలపాలా? నాలుగోది మేత. ప్రత్యేకమైన మేత నెలల తరబడి కొనగలరా, చల్లగా నిల్వ చేయగలరా? ఐదోది, జబ్బు పెరగడం చూస్తారా, తగ్గడం చూస్తారా? ఆఖరిది, ఎన్ని నెలల టైముంది.

మేత గురించి ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. "వెస్ట్రన్ డైట్" అని అందరూ అనేదానిలో బరువు ప్రకారం 21 శాతం కొవ్వు (ఎక్కువగా పాల కొవ్వు), దాదాపు 0.2 శాతం కొలెస్ట్రాల్ ఉంటాయి. కేలరీల్లో 42 శాతం కొవ్వు నుంచే వస్తాయి. మామూలు మేత గుళికలు చెక్కముక్కల్లా గట్టిగా ఉంటాయి. ఇది ముట్టుకుంటే వేళ్లకు జిడ్డు అంటుతుంది, ఒత్తితే పొడిపొడిగా రాలుతుంది. మే నెలలో ఏసీ ఆగితే ఒక్క రోజులో ముక్క వాసన వేస్తుంది. పాడైన కొవ్వు తిన్న చిట్టెలుకల డేటాకు విలువ లేదు. వారానికి రెండుసార్లు మార్చాలి, మిగిలింది ఫ్రీజర్‌లో ఉండాలి. ఈ పని ఎవరు చేస్తారో ముందే పేరు పెట్టి రాసుకోండి.

## అపో-ఈ నాకౌట్: కార్డు లేని చిట్టెలుక

1992లో రెండు చోట్ల, విడివిడిగా పుట్టింది. న్యూయార్క్‌లోని రాకఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జాన్ బ్రెస్లో బృందం ఒకవైపు, నార్త్ కరోలైనా విశ్వవిద్యాలయంలో నొబుయో మయెదా బృందం ఇంకోవైపు. మయెదా భర్త ఆలివర్ స్మిథీస్. నాకౌట్ చిట్టెలుకలు తయారుచేసే పద్ధతికి 2007లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు.

దీని పెద్ద గొప్ప ఏమిటంటే, ప్రత్యేకమైన మేత అక్కర్లేదు. మామూలు మేత మీదే కొలెస్ట్రాల్ 400 నుంచి 600 దాకా ఉంటుంది. వెస్ట్రన్ డైట్ పెడితే వెయ్యి దాటుతుంది. మామూలు మేత మీద దాదాపు పది వారాల వయసుకు కొవ్వు మింగి ఉబ్బిన నురగ కణాలు కనిపిస్తాయి, ఇరవై వారాలు దాటాక పీచుతో గట్టిపడిన ప్లాక్ (ధమని గోడలో పేరుకున్న పూడిక) ఉంటుంది. కొవ్వు చార దగ్గర్నుంచి పీచు మూతతో ఉన్న ప్లాక్ దాకా అన్ని దశలూ ఒకే జంతువులో చూడొచ్చు. మూడేళ్ల ఫెలోషిప్‌లో మూడో ఏడాది నడుస్తున్నవాళ్లకు ఇది పెద్ద ఊరట.

ఇక లోపాలు. ఒకటి, దీనిలో సరుకు మోసేది ఎల్‌డీఎల్ కాదు, వీఎల్‌డీఎల్, కైలోమైక్రాన్ శేషాలు (పేగుల నుంచి కొవ్వు మోసుకొచ్చే బండ్లలో సరుకు కొంత దిగాక మిగిలినవి). బీ48 బండ్లే ఎక్కువ. మనుషుల తీరు ఇది కాదు.

రెండోదాన్ని మా ల్యాబ్ డబ్బు పోసి మరీ నేర్చుకుంది. ఒక మొక్క సారం కొలెస్ట్రాల్ తగ్గిస్తుందని తేల్చాలనుకున్నాం. పేగుల్లో పైత్య లవణాలను పట్టుకుని బయటికి పంపేస్తుందని, కాలేయం ఆ లోటు తీర్చుకోవడానికి ఇంకొన్ని గేట్లు తెరుస్తుందని మా ఊహ. అపో-ఈ నాకౌట్లకు పన్నెండు వారాలు పెట్టాం. రక్తం రిపోర్టు వచ్చింది. సారం తిన్నవాటికీ తిననివాటికీ తేడా లేదు. సారంలో పస లేదనుకుని ఫ్రీజర్‌లో పడేశాం. ఆరు నెలల తర్వాత జర్నల్ క్లబ్‌లో ఒక జూనియర్ అమ్మాయి అడిగింది: "గేట్లు ఎన్ని తెరిచినా కార్డు లేని బండ్లు లోపలికెలా వెళ్తాయి మేడమ్?" మా మేడమ్ ఒక నిమిషం బోర్డు వంక చూస్తూ ఉండిపోయారు. అంతే మరి. స్టాటిన్లు కూడా అపో-ఈ నాకౌట్‌లో కొలెస్ట్రాల్ దించవు, కారణం ఇదే. కొలెస్ట్రాల్ దించే మందును పరీక్షించడానికి ఇది తప్పు జంతువు. ఈ చిట్టెలుకలో ఏదైనా మందు ప్లాక్ తగ్గించిందంటే అది ధమని గోడలోనో రోగనిరోధక కణాల్లోనో పనిచేసి ఉండాలి. ఆ ప్రశ్న మీదైతే మాత్రం ఇదే మంచి జంతువు.

మూడోది ఎముక మజ్జ. మజ్జ నుంచి వచ్చే మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలు కూడా అపో-ఈ తయారుచేస్తాయి. మామూలు చిట్టెలుక మజ్జను దీనికి ఎక్కిస్తే ఆ కణాలే కార్డులు అచ్చువేసి రక్తంలోకి వదులుతాయి. కొలెస్ట్రాల్ దాదాపు మామూలు స్థాయికి దిగిపోతుంది, జబ్బు కూడా ఆగిపోతుంది. 1995లోనే ఇది తేలింది. అయినా ఇప్పటికీ ఈ పొరపాటు చేసేవాళ్లు ఉన్నారు.

పైగా అపో-ఈకి మెదడులోనూ రోగనిరోధకతలోనూ వేరే పనులున్నాయి. జ్ఞాపకశక్తి, ప్రవర్తన లాంటివి కొలవాలనుకుంటే ఏది కొలెస్ట్రాల్ వల్ల, ఏది అపో-ఈ లేకపోవడం వల్ల అన్నది తేల్చలేక తల పట్టుకుంటారు.

## ఎల్‌డీఎల్‌ఆర్ నాకౌట్: గేటు లేని చిట్టెలుక

వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండే జబ్బును విడమర్చి, ఎల్‌డీఎల్ రిసెప్టర్‌ను కనిపెట్టినందుకు మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. ఆ గేటును తీసేసిన చిట్టెలుక 1993లో వాళ్ల డాలస్ బృందం నుంచే వచ్చింది.

ఇందులో అపో-ఈ కార్డు ఉంది. అందుకే శేషాల బండ్లు కాలేయంలోకి వేరే దారుల్లో పోతాయి, రక్తంలో మిగిలిపోయేది ముఖ్యంగా ఎల్‌డీఎల్. మామూలు మేత మీద కొలెస్ట్రాల్ 200 నుంచి 300. ఆ లెక్కకు పెద్దగా జబ్బు రాదు. వెస్ట్రన్ డైట్ మొదలుపెడితే ఎనిమిది వందలు, వెయ్యి కూడా దాటుతుంది, పది పన్నెండు వారాల్లో చక్కటి ప్లాక్ వస్తుంది.

మేత పెడితేనే జబ్బు అన్నది ఖర్చు లెక్కలో లోపం, ప్రయోగం లెక్కలో వరం. జబ్బు ఏ రోజు మొదలవ్వాలో మీరే నిర్ణయిస్తారు. మేత మార్చి కొలెస్ట్రాల్ దించొచ్చు కూడా. ప్లాక్ వెనక్కి తగ్గుతుందా అన్న ప్రశ్నకు అపో-ఈ నాకౌట్ ఒక్కటే పనికిరాదు. మేత మార్చినా దాని కొలెస్ట్రాల్ 400కు కిందికి రాదు. ఎల్‌డీఎల్‌ఆర్ నాకౌట్‌కు ఆ వెసులుబాటు ఉంది.

మజ్జ మార్పిడికి ఇదే అందరూ వాడే జంతువు. కొత్త మజ్జ కణాల్లో ఎల్‌డీఎల్ రిసెప్టర్ ఉన్నా కాలేయం గేటు రాదు కనుక కొలెస్ట్రాల్ అలాగే ఉంటుంది. మాక్రోఫేజ్‌లో ఫలానా జన్యువు లేకపోతే ప్లాక్ ఏమవుతుంది అన్న ప్రశ్నకు జన్యువున్న మజ్జ ఒక గుంపుకు, లేని మజ్జ ఇంకో గుంపుకు ఎక్కించి, కణాలు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి, వెస్ట్రన్ డైట్ మొదలుపెడతారు. పాత మజ్జను చంపడానికి ముందుగా ఇచ్చే రేడియేషన్ కూడా ధమని మీద ప్రభావం చూపుతుంది, కాబట్టి కంట్రోల్ గుంపుకూ అదే రేడియేషన్, అదే రోజు ఇవ్వాలి.

ఊబకాయం, ఇన్సులిన్ నిరోధం కూడా మీ ప్రశ్నలో ఉంటే ఇదే మెరుగు. వెస్ట్రన్ డైట్ మీద ఇది ఒళ్లు చేస్తుంది. అపో-ఈ నాకౌట్ అంతగా లావెక్కదు.

స్టాటిన్ పరీక్షకు ఇదీ పనికిరాదు. స్టాటిన్ చేసే పనే గేట్లు పెంచడం. ఇక్కడ గేటే లేదు. గేట్లను తగ్గించే పీసీఎస్‌కే9 అనే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్ల సంగతీ అంతే.

మనిషి రక్తానికి ఇంకా దగ్గరగా కావాలంటే ఎల్‌డీఎల్ రిసెప్టర్ లేకుండా, అపో-బీ100 మాత్రమే తయారుచేసే రకం ఉంది. మామూలు మేత మీదే ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉండి ప్లాక్ వస్తుంది. వంశపారంపర్య జబ్బు మీద పనిచేసేవాళ్లు దాన్ని చూడాలి.

## లైడెన్ చిట్టెలుక: కార్డు ఉంది, సరిగా చదవబడదు

మందుల కంపెనీల వాళ్లకు ఇది బాగా తెలుసు, యూనివర్సిటీ పిల్లలకు అంతగా తెలియదు. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఒక కుటుంబంలో కనిపించిన అపో-ఈ3 లోపాన్ని 1993లో చిట్టెలుకలోకి ఎక్కించారు. దీనిలో గేటు ఉంది, చిట్టెలుక సొంత అపో-ఈ కూడా ఉంది. లోపమున్న కార్డు క్యూలో అడ్డుపడుతుంది. బండ్లు పోతాయి, కానీ నెమ్మదిగా. మేతలో కొలెస్ట్రాల్ ఎంత కలిపితే రక్తంలో అంతకు తగ్గట్టు పెరుగుతుంది, కుళాయి తిప్పినట్టు.

2006లో దీనికి మనిషి సీఈటీపీని కూడా జోడించారు. మనుషుల మందులు దీనిలో మనుషుల్లో మాదిరిగానే పనిచేస్తున్నాయి. స్టాటిన్లు కొలెస్ట్రాల్ దించుతాయి, ఫైబ్రేట్లు ట్రైగ్లిజరైడ్లు దించుతాయి. హెచ్‌డీఎల్‌ను పెంచే టోర్సెట్రాపిబ్ అనే సీఈటీపీ మందు మీద మనుషుల్లో జరుగుతున్న పెద్ద పరీక్షను, మరణాలు పెరిగాయని 2006 డిసెంబరులో ఆపేశారు. తర్వాత అదే మందును ఈ చిట్టెలుకలకు ఇస్తే, స్టాటిన్‌కు మించి ప్లాక్‌ను తగ్గించకపోగా ప్లాక్‌లో వాపు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. సీఈటీపీ లేని చిట్టెలుకకు ఆ మందు ఎంత పోసినా సీఈటీపీ మీద దాని పని కనిపించదు. పీసీఎస్‌కే9 మీద పనిచేసే అలిరోకుమాబ్‌ను కూడా 2014లో దీనిలోనే, స్టాటిన్‌తో కలిపి పరీక్షించారు.

ఇబ్బందులు లేకపోలేదు. ఆడవాటిలో కొలెస్ట్రాల్ మగవాటి కంటే బాగా పెరుగుతుంది, అందుకే ఎక్కువ ప్రయోగాలు ఆడవాటితోనే జరుగుతాయి. మగవాటి గురించి మాట్లాడాలంటే చిక్కు. ప్లాక్ రావడానికి ఓపిక కావాలి. రెండు జన్యువులూ ఉన్నాయో లేదో ప్రతి పిల్లకూ పరీక్షించుకోవాలి. అన్నిటికంటే ముందు, అవి తేలిగ్గా దొరకవు. కావాలంటే మెయిళ్లు, ఒప్పందాలు, ఎదురుచూపులు తప్పవు.

## పీసీఎస్‌కే9 వైరస్: పుట్టుకతో కాదు, సూదితో వచ్చే జబ్బు

పీసీఎస్‌కే9 గేట్లను పట్టుకుని కణం లోపలి చెత్తకుండీకి పంపే ప్రోటీన్. దాని చురుకైన రూపాన్ని ఏఏవీ8 అనే హానిలేని వైరస్‌లో పెట్టి ఒకే ఒక్క సూది వేస్తే, కాలేయం నెలల తరబడి ఆ ప్రోటీన్ తయారుచేస్తుంది. గేట్లు మాయమవుతాయి. పైన వెస్ట్రన్ డైట్ పెడితే ఎల్‌డీఎల్‌ఆర్ నాకౌట్ తరహా జబ్బు తయారు. 2014లో ఈ పద్ధతి వచ్చాక చాలా ల్యాబుల లెక్కలు మారిపోయాయి.

ఎందుకో చెబుతాను. మీ దగ్గర ఫలానా జన్యువు లేని చిట్టెలుక ఉంది, ధమనుల జబ్బులో దాని పాత్ర చూడాలి. పాత పద్ధతిలో దాన్ని అపో-ఈ నాకౌట్‌తో కలపాలి. మొదటి తరం పిల్లలన్నిటికీ రెండు జన్యువుల్లోనూ ఒక్కో కాపీయే పోతుంది. వాటిని వాటిలో కలిపితే రెండూ పూర్తిగా లేనిది పదహారింట ఒకటి. ఈతకు ఆరేడు పిల్లలు, అందులో మగవి సగం, ఆడవి సగం. గర్భం మూడు వారాలు, పిల్లలు ఈడుకు రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఒకే తల్లి పిల్లలు కంట్రోల్‌గా కూడా కావాలంటే ఇంకో తరం. అసలు ప్రయోగం మొదలయ్యేసరికి ఏడాది కరిగిపోతుంది. ఈలోగా పంజరాల ఖర్చు, పనికిరాని పిల్లల లెక్క, ప్రతి చెవిముక్కకూ పీసీఆర్.

సూది పద్ధతిలో ఉన్న నాకౌట్‌కూ దాని తోబుట్టువులకూ ఒకే రోజు సూది వేసి, అదే వారం మేత మొదలుపెడతారు.

సూది అన్నంత తేలిక కాదు సుమా. డోసు ఒక్కో చిట్టెలుకకు దాదాపు పది వేల కోట్ల వైరస్ రేణువులు, కొన్నిసార్లు అంతకు పైగా. అదంతా తోక సిరలోకి పోవాలి. తోకను గోరువెచ్చటి నీళ్లలో ఒక నిమిషం ముంచితే పక్కన నీలిగీత ఉబ్బుతుంది. తోక కొస వైపు నుంచి మొదలుపెట్టి, సూదిని దాదాపు తోకకు సమాంతరంగా పెట్టి లోపలికి పోనివ్వాలి. సరిగ్గా సిరలో పడితే నొక్కినప్పుడు అడ్డు తగలదు, నీలిగీత ఒక్క క్షణం తెల్లబడి మళ్లీ నిండుతుంది. తెల్లటి బుడిపె లేచిందా, సిర తప్పింది, డోసు పోయినట్టే. అలాంటి జంతువును లెక్కలోంచి తీయాలా వద్దా అన్నది ప్రయోగం మొదలయ్యే ముందే రాసిపెట్టుకోవాలి. ఫలితం చూశాక తీస్తే అది వేరే పేరున్న పని.

ఆడవాటిలో స్పందన తక్కువగా ఉంటుంది, డోసు పెంచాల్సి రావచ్చు. రెండు మూడు వారాల తర్వాత అన్నిటి రక్తం తీసి కొలెస్ట్రాల్ పెరిగిందో లేదో చూడండి. వైరస్ బ్యాచ్ మారితే బలం మారుతుంది, మొత్తం ప్రయోగానికి సరిపడా ఒకే బ్యాచ్‌లో కొనుక్కోండి. జంతు ఎథిక్స్ కమిటీతో పాటు సంస్థలోని బయోసేఫ్టీ కమిటీ అనుమతీ కావాలి.

## ఒక్కచోట చూస్తే

| అంశం | అపో-ఈ నాకౌట్ | ఎల్‌డీఎల్‌ఆర్ నాకౌట్ | లైడెన్-సీఈటీపీ | పీసీఎస్‌కే9 వైరస్ |
|---|---|---|---|---|
| మామూలు మేత మీదే ప్లాక్ | వస్తుంది | దాదాపు రాదు | రాదు | వెస్ట్రన్ డైట్ కావాలి |
| సరుకు మోసేది | వీఎల్‌డీఎల్, శేషాలు | ఎల్‌డీఎల్ | వీఎల్‌డీఎల్, ఎల్‌డీఎల్ | ఎల్‌డీఎల్ |
| స్టాటిన్ పరీక్ష | వద్దు | వద్దు | ఇదే సరైనది | వద్దు |
| మజ్జ మార్పిడి | వద్దు | ఇదే సరైనది | అరుదు | వీలవుతుంది |
| మరో నాకౌట్‌తో కలపడం | ఏడాది పని | ఏడాది పని | ఇంకా కష్టం | సూది చాలు |
| జబ్బు తగ్గడం చూడటం | కష్టం | మేత మార్చి | మేత మార్చి | కష్టం |
| మేత ఖర్చు | తక్కువ | ఎక్కువ | ఎక్కువ | ఎక్కువ |

## మీరు ఏ కోవలో ఉన్నారు?

గ్రాంటు చిన్నది, టైము తక్కువ, మీ పదార్థం వాపు మీదో ఆక్సీకరణ మీదో పనిచేస్తుందని నమ్మకం ఉంది. అపో-ఈ తీసుకోండి, మొహమాటం అక్కర్లేదు. దానిలోని లోపాలు అందరికీ తెలుసు, పోల్చుకోవడానికి ముప్పై ఏళ్ల డేటా ఉంది.

మోనోసైట్లు, టీ కణాలు లాంటి రోగనిరోధక కణాలు మీ సబ్జెక్టు అయితే ఎల్‌డీఎల్‌ఆర్ వైపే వెళ్లండి. కొలెస్ట్రాల్ దించే మందు చేతిలో ఉంటే, ఎంత ఆలస్యమైనా లైడెన్-సీఈటీపీ కోసం ఆగండి. మా మొక్క సారం ఇప్పటికీ ఫ్రీజర్‌లోనే ఉంది, దానికోసమూ మేం అదే పనిలో ఉన్నాం. కొత్త జన్యువు పట్టుకుని కూర్చున్నవాళ్లకు పీసీఎస్‌కే9, ఇందులో రెండో మాట లేదు. అయితే వైరస్ ప్రయోగంలో వచ్చిన ఫలితాన్ని ఆఖర్లో ఒక్కసారైనా ఎల్‌డీఎల్‌ఆర్ నాకౌట్‌లో మజ్జ మార్పిడితో సరిచూసుకుంటే రివ్యూయర్ల దగ్గర టెన్షన్ తగ్గుతుంది.

గుండెపోటే మీ ప్రశ్న అయితే వీటిలో ఏదీ చాలదు. ఈ చిట్టెలుకల్లో ప్లాక్ ఎక్కువగా బృహద్ధమని మొదట్లో, దాని వంపులో వస్తుంది. గుండెకు రక్తం తీసుకెళ్లే ధమనుల్లో అరుదు. మనుషుల్లో మాదిరి ప్లాక్ చిట్లి గడ్డకట్టడం దాదాపు ఉండదు. నిమిషానికి 500, 600 సార్లు కొట్టుకునే గుండె, మిల్లీమీటరు వెడల్పు బృహద్ధమని, ఆ రక్తప్రవాహం తీరే వేరు. అపో-ఈతో పాటు ఎస్‌ఆర్-బీ1 (హెచ్‌డీఎల్ బండ్ల గేటు) కూడా తీసేస్తే ధమనులు పూడి గుండెపోటు వస్తుంది, కానీ ఆరు వారాల వయసుకే చనిపోతాయి. అపో-ఈ నాకౌట్‌లో ఫిబ్రిలిన్ జన్యువులో మార్పు చేసిన రకంలో ప్లాక్ చిట్లుతుంది. రెండూ నిపుణుల చేతిలోనే ఉండాల్సినవి, మొదటి ప్రయోగానికి కాదు. ఊబకాయమే ప్రధానమైతే, హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో పుట్టిన స్థూలకాయ ఎలుకల జాతి ఉంది, అది వేరే దారి.

## ఏది తీసుకున్నా తప్పనివి

అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో ఈ రకం ప్రయోగాలు ఎలా చేయాలో మార్గదర్శకాలు ఇచ్చింది. అందులోంచి మన ల్యాబుల్లో ఎక్కువగా తప్పేవి రెండు. ఆడవి, మగవి రెండూ వాడాలి, కానీ ఫలితాలు విడివిడిగా చూడాలి, ఒకే కుప్పలో వేయకూడదు. ప్లాక్‌ను ఒక్క చోటే కాకుండా కనీసం రెండు చోట్ల కొలవాలి. బృహద్ధమని వంపులో ప్లాక్ తగ్గించి, అది మొదలయ్యే చోట తగ్గించని మందులు చాలా ఉన్నాయి.

కొలిచే పని చేతులతో నేర్చుకోవాల్సిందే. బృహద్ధమనిని గుండె దగ్గర్నుంచి తొడల వైపు చీలే దాకా తీసి, చుట్టూ ఉన్న కొవ్వును మైక్రోస్కోప్ కింద ఒలిచి, నిలువునా చీరి, నల్లటి మైనం మీద సన్నటి పిన్నులతో పరుస్తారు. ఆయిల్ రెడ్ ఓ రంగు పోసి కడిగితే గోడ పాలవెల్లలా ఉండి మచ్చలు కుంకుమ బొట్లలా తేలతాయి. చుట్టుపక్కల కొవ్వు కొంచెం మిగిలినా అదీ ఎర్రబడి లెక్క చెడుతుంది. మొదటి పది ధమనులు ప్రాక్టీసుకే అనుకోండి, వాటిని డేటాలో కలపొద్దు.

ఎథిక్స్ దరఖాస్తులో "ఈ జంతువే ఎందుకు" అన్న గడి దగ్గర చాలామంది "ప్రపంచమంతా వాడుతున్నారు కనుక" అని రాస్తారు. కమిటీ దాన్ని వెనక్కి పంపుతుంది, పంపాలి కూడా. బదులుగా ఇలా రాయొచ్చు: "మా మందు మాక్రోఫేజ్‌లలోని ఫలానా రిసెప్టర్ మీద పనిచేస్తుంది, రక్తంలో కొలెస్ట్రాల్‌ను మార్చదు. మజ్జ మార్పిడి తర్వాత కూడా కొలెస్ట్రాల్ స్థిరంగా ఉండాలి, అందుకే ఎల్‌డీఎల్‌ఆర్ నాకౌట్. మగవి, ఆడవి విడివిడిగా విశ్లేషిస్తాం. మేత మొదలైన పన్నెండో వారంలో ప్రయోగం ముగుస్తుంది." ఈ నాలుగు వాక్యాలు రాయడానికి పెన్ను ఆగిందంటే చిట్టెలుకల ఆర్డర్‌ను ఇంకో వారం ఆపండి.